నిభారాణి ఇంటి గొంతు

ఫాల్గుణ మాసపు ఎండ అప్పుడే వాకిట్లోకి దిగుతోంది. బెంగాల్లోని నవద్వీపంలో ఆ వీధి వీధంతా పొద్దున్నే నిభారాణి ఇంటివైపు ఒక చెవి వేసి ఉంచుతుంది. పాలవాడు ఆ గుమ్మం ముందుకొచ్చేసరికి సైకిలు దిగి నడిపించుకుపోతాడు. ఎదురింటి మిఠాయి దుకాణంలో పెరుగు కుండలు సర్దేవాడు కూడా చప్పుడు కాకుండా సర్దుతాడు.

వరండాలో చాప మీద ఆడపిల్లలు వరసగా కూర్చుని పాఠం చెప్పించుకుంటున్నారు. హార్మోనియం మెట్ల మీద నిభారాణి వేళ్ళు ఆగాయి.

"ఒసే సుప్రీతీ, రాధ అక్కడ కృష్ణుణ్ణి పిలుస్తోందే, రిక్షావాణ్ణి కాదు. ఏదీ, మళ్ళీ పాడు."

పిల్లలు నోటికి చెంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. సుప్రీతి సిగ్గుపడి మళ్ళీ ఎత్తుకుంది.

అటు మూల కత్తిపీట ముందు కూర్చుని అరటిపువ్వు ఒలుస్తున్న క్షాంతమణి కూడా నవ్వింది. ఆవిడ నిభారాణి భర్త ఖగేన్‌కి అక్క. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, తండ్రి పోయాక తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. మరదల్ని బౌ అని పిలుస్తుంది. "రిక్షావాడైతే ఈపాటికి వచ్చేవాడులే బౌ. కృష్ణుడు కాబట్టే రాలేదు," అంది.

ఖగేన్ వాకిట్లో తన ఖోల్‌ని ఎండకి పెట్టి, దాని తోలు మీద అరచెయ్యి ఆనించి చూస్తున్నాడు. ఆ మట్టి మృదంగం ముప్పై ఏళ్ళకు పైగా నిభారాణి పాట పక్కనే నడిచింది. ఇంతలో వాళ్ళ ఒక్కగానొక్క కూతురు చంపకలత తడి జుట్టు ముడేసుకుంటూ లోపలినుంచి వచ్చింది. కృష్ణనగర్‌లో భూముల ఆఫీసులో గుమాస్తా. అందరూ చంపా అంటారు. మేనత్తని ఆ పిల్ల పిసీ అంటుంది.

"అమ్మా, వెళ్ళొస్తా. పిసీ, మధ్యాహ్నం మందు మర్చిపోకు. నాన్నా, సాయంత్రం రేవుకి వస్తావుగా?"

"రాకుండా ఎలా ఉంటాడే?" అంది క్షాంతమణి. "పెళ్ళీడు దాటిన పిల్లని రోజూ నది దాటించి తీసుకురావాలిగా. దారిలో నువ్వు తప్పిపోతావని భయం పాపం."

ఖగేన్ ఆ మాట విననట్టు నూతి దగ్గరికి వెళ్ళాడు. చంపా చెప్పులేసుకుని వీధి మలుపు తిరిగింది. నిభారాణి పాఠం చెబుతూనే కూతురు కనిపించినంత దూరం చూసింది. ఇస్త్రీ చీర, భుజాన సంచీ, చేతిలో క్యారియర్. రోజూ ఆ దృశ్యం చూస్తే తప్ప ఆమెకి పొద్దు పొడిచినట్టుండదు.

అప్పుడే చాప పక్కన ఖగేన్ వదిలేసిన ఫోను మోగింది. నిభారాణి తీసింది.

"ఖగేన్‌దా లేరా? బౌదీయేనా? దండాలు వదినా, కుసుమ్‌డాంగా నుంచి నిత్యగోపాల్ మండల్‌ని," అంది అవతలి గొంతు హుషారుగా. "హోలీ పున్నమికి ముందు మా ఊళ్ళో కీర్తనలు పెడుతున్నాం. మొదటిరోజు పొద్దున్నే చంపా దీదీది గోష్ఠలీల కీర్తన. పోయినసారి ఆవిడ పాడితే మా ఆడవాళ్ళు ఇళ్ళకి పోతే ఒట్టు! ఈసారి మీరు కూడా వచ్చి దీవించాలి బౌదీ. కూతుర్ని ఎంతలా తయారుచేశారండీ!"

"చూద్దాం," అని నిభారాణి ఫోను పెట్టేసింది.

పాఠం మాత్రం ఆపలేదు. సుప్రీతికి ఆ చరణం పట్టుబడేదాకా చెప్పింది. పిల్లలందరూ కాళ్ళకి దండం పెట్టి వెళ్ళిపోయాక హార్మోనియం మీద గుడ్డ కప్పి, అక్కడే కూర్చుండిపోయింది.

నిభారాణి ఎవరో నదియా జిల్లాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పడవవాడు ఆమె దగ్గర రేవు డబ్బులు తీసుకోడు. ఎక్కడైనా ఒక ఆడపిల్ల రాధాకృష్ణుల పదావళి కీర్తన బాగా పాడితే, "నిభారాణి ఇంటి గొంతులా ఉందే," అంటారు. కానీ ఆ పేరు ఊరికే రాలేదు. కాట్వా దగ్గర పల్లెలో కౌలు రైతు కూతురుగా పుట్టి, పొలం గట్ల మీద కూర్చుని దూరాన జరిగే కీర్తనలు విని నేర్చుకుంది. రాధాశ్యామ్ ఠాకూర్ అనే పెద్ద గాయకుడు ఆ పిల్ల గొంతు విని, ఆడపిల్లకి నేర్పడమేమిటని ఊరు మూతి విరిచినా, తన ఇంటికి రానిచ్చాడు. ఒక్కో తాళం చేతికి రావడానికి ఏడాదులు పట్టేది. దశకోశి లాంటి నిదానపు తాళంలో ఒక మాట మొదలుపెడితే, అది పూర్తయ్యేలోగా పొయ్యి మీద అన్నం ఉడికేదని ఆమె శిష్యురాళ్ళకి చెబుతుంటుంది.

ఖోల్ వాయించే ఖగేన్‌ని పెళ్ళాడింది. "కోడలు పందిట్లో నిలబడి పాడితే ఈ ఇంటి గుమ్మం తొక్కడానికి వీల్లేదు," అన్నాడు మామగారు. పాడి వచ్చిన రోజు నిజంగానే తలుపు వేసేశాడు. భార్యాభర్తలు రేవు దగ్గర రేకుల గదిలో కాపురం పెట్టారు. కీర్తనకత్తె అని వెనకాల ఈలలు వేసినవాళ్ళున్నారు. "పెళ్ళాం వెనక డప్పు కొట్టేవాడు" అని ఖగేన్‌ని ఎగతాళి చేసినవాళ్ళున్నారు. అవన్నీ దాటి, మామగారు పోయే ముందు ఆ కోడల్నే పిలిపించుకుని మంచం పక్కన పాడించుకునే దాకా వచ్చింది నిభారాణి. ఇవాళ బెంగాల్ అంతటా ఆమె శిష్యురాళ్ళున్నారు. పెద్ద పెద్ద మఠాల్లో ఆమె వస్తోందంటే మహంతులు లేచి నిలబడతారు.

ఇంతమందికి నేర్పింది కానీ కన్నకూతురికి మాత్రం ఒక్క చరణం నేర్పలేదు. చంపాని బడికి పంపింది, కాలేజీకి పంపింది. పిల్ల చాప దగ్గరికొస్తే, "వెళ్ళి చదువుకో," అని గదమాయించేది. ఉద్యోగం వచ్చిన రోజున ఎదురింటి దుకాణంలో ఆ ఊరి తీపి ఎర్ర పెరుగు కుండలన్నీ కొని వీధంతా పంచింది.

సాయంత్రం తులసికోట దగ్గర దీపం పెట్టి నిభారాణి అక్కడే అరుగు మీద కూర్చుంది. తండ్రీ కూతుళ్ళు ఏదో మాట్లాడుకుని నవ్వుకుంటూ లోపలికి వచ్చారు.

"కుసుమ్‌డాంగా వాళ్ళు ఫోన్ చేశారు," అంది నిభారాణి. "గోష్ఠం పాడుతున్నావట."

చంపా నవ్వు ఆగిపోయింది. ఖగేన్ చెప్పులు విడవబోతూ ఒంటికాలి మీద నిలబడిపోయాడు.

"ఎవరు నేర్పారే నీకు?"

"నేనే," అన్నాడు ఖగేన్. "దాన్ని ఏమీ అనకు. అవతలి ఒడ్డున స్వరూప్‌గంజ్‌లో ఖోల్‌లు చేసే హారాధన్ కొట్టు ఉందిగా. ఆఫీసు నుంచి రాగానే అక్కడ కూర్చునేవాళ్ళం. నీ పాటలన్నీ నా చేతుల్లో ఉన్నాయి నిభా. చేతుల్లోంచి తీసి దానికిచ్చాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"దానికి ఉద్యోగం వచ్చినప్పటి నుంచి."

"అంటే రోజూ నా కళ్ళ ముందే! 'పిల్లని దాటించి తీసుకొస్తా' అని చెప్పి వెళ్ళి..." నిభారాణి భర్త వైపు తిరిగింది. "మీరు నన్ను మోసం చేస్తారని కల్లో కూడా అనుకోలేదండీ."

"మోసమే. కాదనను," అన్నాడు ఖగేన్ మెల్లగా. "ఊళ్ళో ఆడపిల్లలందరికీ నువ్వు చాప పరిచావు. మన పిల్ల వంటింటి గోడకి చెవి ఆనించి నేర్చుకుంటుంటే చూడలేకపోయాను."

"అమ్మా, నన్ను అడుగు. నాన్నని కాదు," అంది చంపా ముందుకొచ్చి. "ఎలాగూ తెలిసింది కాబట్టి మొత్తం చెప్పేస్తాను. చైత్రం వెళ్ళగానే ఉద్యోగం మానేస్తున్నాను. కీర్తనలే పాడుకుంటాను."

నిభారాణి లేచి నిలబడింది. "మానేస్తావా? కుర్చీలో కూర్చుని, నెత్తిన ఫ్యాను తిరుగుతుంటే, నలుగురు 'మేడమ్' అని పిలిచే ఉద్యోగం మానేసి బస్సుల వెంట పడి తిరుగుతావా? దాని కోసమేనా నేను..."

"రోజంతా ఎవరి పొలం గట్టు ఎవరు జరిపారో కాగితాలకి ఎక్కిస్తానమ్మా. మంచి పనే. కానీ సాయంత్రం దాకా గొంతు కట్టేసినట్టుంటుంది. పడవ ఎక్కాక కానీ ఊపిరాడదు."

"పాట అంటే ఏమిటో నీకేం తెలుసు? చప్పట్లు తెలుసు. పూలదండ తెలుసు." ఆవిడ ఎన్నడూ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి నోటిదాకా వచ్చేసింది. "నీకు ఆరేళ్ళప్పుడు ఒక జమీందారుల ఇంట్లో శ్రాద్ధానికి పాడటానికి వెళ్ళాం. గుర్తుందా? పొద్దుటినుంచి పాడాను. పాట అయ్యాక చుట్టాలందరికీ హాల్లో విస్తళ్ళు వేశారు. మనకి గొడ్ల చావిడి పక్కన వేశారు. నువ్వు విస్తరి ముందు కూర్చుని అడిగావు, 'అమ్మా, మనల్ని ఇక్కడెందుకు కూర్చోబెట్టారు?' అని. నీకు జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజే ఒట్టేసుకున్నాను. నా బిడ్డ ఈ బతుకు బతకకూడదు, కుర్చీ మీదే కూర్చోవాలి అని."

ఖగేన్ తల దించుకున్నాడు.

"గుర్తుంది," అంది చంపా. ఆ పిల్ల కళ్ళ నిండా నీళ్ళు. "కానీ నాకు గొడ్ల చావిడి గుర్తులేదమ్మా. నువ్వు చెబితే ఇప్పుడు తెలిసింది. నాకు గుర్తున్నది వేరే. ఆ ఇంటి పెద్దావిడ, కొడుకు పోయినావిడ, రాయిలా గోడకి ఆనుకుని కూర్చుంది. కర్మ రోజు దాకా ఒక్క కన్నీటిబొట్టు రాల్చలేదని అందరూ గుసగుసలాడుకుంటున్నారు. నువ్వు పాడుతూ పాడుతూ వెళ్ళి ఆవిడ ఎదురుగా నిలబడ్డావు. ఆవిడ నీ మెడ చుట్టూ చేతులేసి బావురుమంది. నువ్వు పాట ఆపలేదు. ఆవిడని పట్టుకునే పాడావు. ఆ రోజు నేనూ ఒట్టేసుకున్నాను, పెద్దయ్యాక మా అమ్మలా అవుతానని."

ఇన్నేళ్ళ నిభారాణి పంతం ఒక్క మాటకి కరగదు కదా. "మాటలు బాగా నేర్చావు," అని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పాట ఉంది కానీ మాట లేదు. నిభారాణి భర్తతో మాట్లాడటం మానేసింది. కంచం పెడుతుంది, మంచినీళ్ళు పెడుతుంది, పిలవదు. శాంతిపూర్‌లో కార్యక్రమానికి ఖగేన్‌ని కాదని బలాయి అనే కుర్రవాణ్ణి ఖోల్‌కి తీసుకువెళ్ళింది.

బలాయి చెయ్యి మంచిదే. కానీ పాట మంచి పట్టులో ఉండగా నిభారాణి ఒక మాట మీద స్వరం సాగదీసి ఊపిరి నిలిపింది. అక్కడ ఖగేన్ ఆగుతాడు. ఆమె ఊపిరి తీసుకునేదాకా ఖోల్ కూడా తీసుకోదు. బలాయి ఆగలేదు. ఆమె సర్దుకుంది, విన్నవాళ్ళెవరికీ తెలియలేదు, సభ అంతా చేతులెత్తి దండం పెట్టింది. నిభారాణికి మాత్రం తిరుగు ప్రయాణమంతా పక్కన ఖాళీగా అనిపించింది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే క్షాంతమణి నీళ్ళ చెంబు అందించింది.

"ఎలా జరిగింది బౌ?"

"బాగానే జరిగింది దీదీ."

"నీ మొహం చూస్తే తెలుస్తోందిలే." ఆవిడ గుమ్మంలో చతికిలబడింది. "ఒక మాట చెప్తా, కోపం తెచ్చుకున్నా సరే. ఆ రోజుల్లో నేను నీ చేతి నీళ్ళు తాగలేదు. పాటకత్తె ముట్టిన కుండ అని పక్కకి పెట్టాను. గుర్తుందా?"

"అవన్నీ ఇప్పుడెందుకు?"

"ఎందుకంటే, మా నాన్న నీకు తలుపు వేసినప్పుడు అది పాత కాలపు గడియ. రెండు తోపులు తోస్తే ఊడింది. నువ్వు నీ కూతురికి వేసిన గడియ చూస్తే మా నాన్నే నయమనిపిస్తోంది." క్షాంతమణి చెంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆయన పరువు పోతుందని వేశాడు. నువ్వు ప్రేమ అని పేరు పెట్టి వేశావు. లోపలున్న పిల్లకి రెండూ ఒకటే."

నిభారాణి చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. కానీ ఆ మాట ములుకులా దిగింది.

కుసుమ్‌డాంగా వెళ్ళే రోజు వచ్చింది. తెల్లవారుతుండగానే ఖగేన్ ఖోల్‌ని గుడ్డలో చుట్టి భుజానికి తగిలించుకున్నాడు. చంపా అంచున్న తెల్లచీర కట్టుకుని, ముక్కు మీద చందనపు బొట్టు దిద్దుకుని తల్లి గది ముందు వంగి గుమ్మానికి దండం పెట్టింది. తలుపు తెరుచుకోలేదు. వీళ్ళు బయల్దేరబోతుంటే క్షాంతమణి కూడా శుభ్రమైన చీర కట్టుకుని, మరమరాల డబ్బా చంకన పెట్టుకుని వచ్చేసింది.

"నువ్వెక్కడికక్కా?" అన్నాడు ఖగేన్.

"నా మేనకోడలు పాడుతుంటే నేను ఇంట్లో కూరలు తరుక్కుంటూ కూర్చోవాలా? బౌ ఉంది కదా, ఇల్లు కాపలా కాస్తుంది." ఆ చివరి మాట గది లోపలికి వినిపించేలాగే అంది.

వాళ్ళు వెళ్ళిన కాసేపటికి శిష్యురాళ్ళు వచ్చారు. నిభారాణి ఎప్పటిలాగే చాప పరిచింది. "ఏం చెప్పమంటారు ఇవాళ?"

"గోష్ఠలీల మొదలుపెడతానన్నారు గురుమా," అంది సుప్రీతి.

పిల్లలకేమీ తెలియదు. నిభారాణి కాదనలేక ఎత్తుకుంది. బాలకృష్ణుడు తొలిసారి ఆవుల్ని తోలుకుని అడవికి వెళతానంటాడు. బలరాముడు, తోటి గోపబాలురు వాకిట్లో నిలబడి పిలుస్తుంటారు. యశోద ఒప్పుకోదు. ఎండ కందిస్తుందంటుంది, ఆకలికి వాడు ఆగలేడంటుంది, ఏటి ఒడ్డున జారతాడంటుంది. నిభారాణి ఆ మాటలన్నీ ఒక్కొక్కటీ పాడి చూపించింది. వందలసార్లు పాడిన మాటలే. ఇవాళ గొంతుకి అడ్డం పడుతున్నాయి.

"గురుమా," అంది సుప్రీతి, "చివరికి పంపుతుంది కదా?"

"పంపుతుంది."

"పంపేటప్పుడు యశోద ఏడుస్తుందా, సంతోషపడుతుందా? గొంతులో ఏది పెట్టాలి?"

పిల్లలందరూ జవాబు కోసం ఆమె మొహంలోకి చూస్తున్నారు. ఏ శిష్యురాలు ఏమడిగినా ఠకీమని చెప్పే నిభారాణి ఈసారి హార్మోనియం మూసేసింది.

"పాఠం చాలివాళ్టికి. సుప్రీతీ, తాళం వేసి చెవి ఎదురింట్లో ఇవ్వు." కట్టుకున్న నేత చీరతోనే, జుట్టు కూడా దువ్వుకోకుండా రోడ్డెక్కింది. బస్టాండు దాకా పరుగులాంటి నడక.

కుసుమ్‌డాంగాలో పందిరి కిటకిటలాడుతోంది. నిభారాణి తల మీదికి చెంగు లాక్కుని, వెనక వరసలో ఆడవాళ్ళ మధ్య ఒదిగి కూర్చుంది. దూరాన మధ్యలో చంపా. పక్కన ఖగేన్. వెనకాల తాళాలు పట్టుకుని వంత పాడే నలుగురు. ముందు వరసలో మరమరాల డబ్బాతో క్షాంతమణి, తనే పాడుతున్నంత దర్జాగా.

మొదట పాడే గౌరాంగుడి పాట, అంటే చైతన్య మహాప్రభువు స్తుతి, అయిపోయి అసలు కథ నడుస్తోంది. నిభారాణి మొదట తప్పులు వెతికింది. అది ఆమె అలవాటు. ఒకచోట తాళం తొందరపడింది. ఇంకోచోట ఊపిరి ముందే తీసుకుంది. ఆ తరవాత వెతకడం మర్చిపోయింది. ఆ గొంతు తన గొంతు కాదు. తనది సన్నగా పైకి లేచి తారాడుతుంది. చంపాది కిందనుంచి, నేలలోంచి, ఖోల్ మోతలోంచి పుట్టినట్టు నిదానంగా వస్తోంది. ఇన్నేళ్ళూ తన పాట వెనక ఖగేన్ చేతులు ఏం పాడుతున్నాయో ఇప్పుడు ఆ పిల్ల నోట వినిపిస్తోంది.

"నిభారాణి కూతురట," అంది పక్కావిడ.

"తల్లి పాట కూడా విన్నాలే," అంది ఇంకొక ముసలావిడ. "తల్లి పాడితే దేవుడు కనిపిస్తాడు. ఈ పిల్ల పాడితే ఆ దేవుడు మన ఇంట్లో పిల్లాడిలా ఉన్నాడే!"

నిభారాణి చెంగు ఇంకాస్త ముందుకి లాక్కుంది.

యశోద వద్దంటోంది. ఎండ అంటోంది, ఆకలి అంటోంది, ముల్లు అంటోంది. ఇక్కడ పాత పదంలో కృష్ణుడు అమ్మని బతిమాలతాడు. కీర్తనలో గాయకులు ఒక్కో చరణం అయ్యాక, దాని లోపలున్న బాధ వినేవాళ్ళ గుండెకి తగిలేలా తమ సొంత మాట ఒకటి అప్పటికప్పుడు కట్టి కలుపుతారు. దాన్ని ఆఖర్ అంటారు. గురువు నేర్పలేడు దాన్ని. ఎవరికి వాళ్ళకి లోపలినుంచి రావాలి. చంపా చరణం పూర్తిచేసి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ఖగేన్ ఖోల్ మీద చెయ్యి తేలిక చేసి ఎదురుచూశాడు. అప్పుడు చంపా కృష్ణుడి మాటగా ఎత్తుకుంది:

"నీ పాదాన గుచ్చుకుని విరిగిన ముల్లు
నా దారిలో ఇంక లేదమ్మా...
నువ్వు నడిచిన దారే కదమ్మా..."

ఒకసారి పాడింది. మళ్ళీ పాడింది. మూడోసారికి ఆడవాళ్ళ వైపు నుంచి సన్నగా ఏడుపు మొదలైంది. పక్కనున్న ముసలావిడ కొంగుతో మొహం కప్పుకుంది. అత్తవారింటికి పంపిన కూతుళ్ళు, పట్నాలకి పంపిన కొడుకులు, ఎవరెవరు ఎవరికి గుర్తొచ్చారో.

నిభారాణి అది తను నేర్పిన మాట కాదని, ఖగేన్ నేర్పిన మాట కూడా కాదని తెలుసుకుంది. అది తన కోసం పుట్టిన మాట. ఈలలు, మూసిన తలుపు, రేకుల గది, చావిడి పక్కన వేసిన విస్తరి, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చి, మొదటిసారి అవి అవమానాల్లా అనిపించలేదు. తను నడిచి శుభ్రం చేసిన దారిలా అనిపించాయి. కళ్ళలో నీళ్ళు జలజలా రాలుతుంటే ఆవిడ తుడుచుకోలేదు. లేచి నిలబడింది.

తల మీది చెంగు జారింది. "నిభారాణి... నిభారాణి వచ్చింది..." అని పందిట్లో గుసగుస పాకింది. కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. నిత్యగోపాల్ గబగబా పూలదండ తీసుకుని ఎదురొచ్చాడు. ఆవిడ చేత్తో వారించింది.

"నాకెందుకయ్యా? పాడేవాళ్ళకి వెయ్యి."

చంపా తల్లిని చూసి పాట ఆపేసింది. పక్కకి జరిగి, నడిమి చోటు తల్లికి వదలబోయింది. ఖగేన్ మాత్రం వాయిస్తూనే ఉన్నాడు.

నిభారాణి ఆ నడిమి చోటు వైపు చూడనైనా చూడలేదు. కూతుర్ని దాటుకుని వెనక్కి వెళ్ళి, వంత పాడేవాళ్ళ వరసలో చివర నిలబడి, పక్కవాడి చేతిలోంచి కంచు తాళాలు అందుకుంది. తారాడే ఆ సన్నని గొంతుతో, కూతురి మాటకే వంత అందుకుంది.

"నువ్వు నడిచిన దారే కదమ్మా..."

చంపా వెనక్కి తిరిగి చూస్తూ ఉండిపోయింది. నిభారాణి గడ్డం ఎగరేసి, ముందుకి చూడమని సైగ చేసింది. సభలో ముఖ్య గాయని వెనక్కి చూడకూడదు. చంపా కన్నీళ్ళు మింగి ముందుకి తిరిగి, తరవాతి చరణం ఎత్తుకుంది. వెనకనుంచి తల్లి గొంతు ఆసరాగా, అణకువగా, ఎక్కడా మించకుండా వెంట నడిచింది. ఆ పొద్దున విన్నవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు, నిభారాణి పాడగా చాలాసార్లు విన్నాం కానీ ఆమె వంత పాడగా విన్నది మేమొక్కళ్ళమే అని.

పాట ముగిసింది. హరినామం మోగుతుంటే ప్రసాదంగా జనం మీదికి పంచదార చిలకలు విసిరారు. పందిరి వెనక గదిలో చంపా వచ్చి తల్లి పాదాల మీద తల పెట్టింది. నిభారాణి లేవదీయలేదు. ముందు అరచెయ్యి తల మీద ఆనించింది.

"రెండో పదంలో తాళం తొందరపడ్డావు," అంది.

"ఊఁ."

"ఊపిరి ఎక్కడ తీసుకోవాలో మీ నాన్న చెప్పలేదు. ఆయనకేం తెలుసు, ఆయన చేతులతో ఊపిరి పీలుస్తాడు." నిభారాణి కూతురి జుట్టు సర్ది అంది: "సోమవారం నుంచి పొద్దున్నే చాప మీదికి రా. కూతురివని ముందు వరసలో కూర్చోబెట్టను. సుప్రీతి వెనకే."

చంపా తలెత్తింది. "మరి ఉద్యోగం?"

"ఉద్యోగం సంగతి నీ ఇష్టం. గొంతు సంగతి నా ఇష్టం."

చంపా ఏడుస్తూ నవ్వింది. గుమ్మంలో నిలబడ్డ క్షాంతమణి, "హమ్మయ్య! గడియ ఊడింది," అని గట్టిగా అని, ఆ వెంటనే తనే వెక్కి వెక్కి ఏడ్చింది.

బయట ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. "గురుమా అని పిలుస్తున్నారమ్మా, నీ కోసమే," అంది చంపా.

"సరిగ్గా విను. దీదీ అంటున్నారు. వెళ్ళు."

కూతురు బయటికి వెళ్ళింది. ఆ గుంపు ఆ పిల్లని చుట్టుముట్టడం, ఒక తల్లి తన చంటిదాన్ని ఆమె చేతుల్లో పెట్టడం, నిభారాణి గుమ్మం లోపలినుంచే తృప్తిగా చూసుకుంది. ఇలాంటి రోజు చూడటానికే దేవుడు తనకి ఇంత ఆయుష్షిచ్చాడేమో అనిపించింది.

తిరిగి చూస్తే ఖగేన్ మూల కూర్చుని ఖోల్‌కి గుడ్డ చుడుతున్నాడు. ఆమె వెళ్ళి అతని పక్కనే నేల మీద కూర్చుంది. వాయించి వాయించి ఎర్రబడిన అతని వేళ్ళని తన చేతుల్లోకి తీసుకుని, పక్కనున్న గిన్నెలోంచి చందనం ముద్ద తీసి మెల్లగా రాయడం మొదలుపెట్టింది.

"ఏమండీ," అంది చాలా రోజుల తరవాత. "పిల్ల బాగా పాడింది కదూ?"

ఖగేన్ తల ఊపాడు.